బైబిల్ క్విజ్‌కి సొంతంగా తయారవుదాం – 7వ పాఠం: పేరుకో చిరునామా

ఈ వారం ఇశ్రాయేలు రాజులు, యూదా రాజులు మొదలుపెడదామని పోయిన పాఠం చివర మాట ఇచ్చాను. ఆ మాట ఈ వారం నిలబెట్టుకోలేకపోతున్నాను. రాజుల పట్టిక రాసుకున్న కాగితం నా బైబిల్లో మలాకీకీ మత్తయికీ మధ్య మడిచినది మడిచినట్టే ఉంది. మీ జవాబులు చదివాక దాన్ని బయటికి తియ్యబుద్ధి కాలేదు.

పోయినసారి ఇచ్చిన పది ప్రశ్నల్లో నాలుగోది గుర్తుందా? “బేత్లెహేములో పసిపిల్లల్ని చంపించిన హేరోదు, బాప్తిస్మమిచ్చు యోహాను తల తీయించిన హేరోదు, జెబెదయి కొడుకు యాకోబును కత్తితో చంపించిన హేరోదు, ఈ ముగ్గురూ ఒక్కరేనా?” సగానికి పైగా “ఒక్కడే” అని రాశారు. కొందరు “ఒక్కడే, మహా క్రూరుడు” అని కింద గీత కూడా గీశారు. ఒక తమ్ముడు ఫోన్ చేసి, “టీచరమ్మా, బైబిల్లో హేరోదు అని మాత్రమే ఉంది కదా, మొదటి హేరోదు, రెండో హేరోదు అని ఎక్కడుంది?” అని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. “ఒకే పేరుతో చాలామంది ఉంటారు, చూసుకోండి” అని పోయిన పాఠంలో ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్లిపోయాను. ఎలా చూసుకోవాలో చెప్పలేదు. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తాను. రాజులు వచ్చే వారం.

ముందు ఆ హేరోదుల సంగతి. మత్తయి రెండో అధ్యాయం తెరవండి. పిల్లల్ని చంపించింది 16వ వచనంలో. మనం అక్కడ ఆగిపోతాం. ఎందుకంటే మన క్రిస్మస్ నాటకాలు దాదాపు అక్కడే ఆగిపోతాయి. ఇంకో మూడు వచనాలు కిందికి రండి. 19వ వచనంలో హేరోదు చనిపోయాడని ఉంది. యోసేపు, మరియ, బిడ్డ అప్పటికింకా ఐగుప్తులోనే ఉన్నారు. ఇప్పుడు లూకా 3:23కి వెళ్లండి. యేసు ప్రభువు తన పని మొదలుపెట్టేనాటికి ఆయనకు దాదాపు ముప్ఫై ఏళ్లు. యోహాను చెరసాలలో పడింది, ప్రాణం పోగొట్టుకుంది ఆ తర్వాతే. ఆయన చిన్నబిడ్డగా ఉన్నప్పుడే పోయిన మనిషి ఇన్నేళ్ల తర్వాత విందు చేసుకుని పళ్లెంలో తల ఎలా తెప్పించుకుంటాడు? అంటే ఇతను వేరే హేరోదు అని బైబిలే చెబుతోంది. “రెండో” అనే మాట వాడలేదంతే.

దీన్ని నేను చావు లెక్క అంటాను. నా దగ్గర చదువుకున్న పిల్లలందరికీ ఇదే నేర్పాను. ఒక పేరు కనపడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ పేరుగల మనిషి ఇంతకుముందే ఎక్కడైనా చనిపోయాడా? చనిపోయి ఉంటే ఇప్పుడు కనిపిస్తున్నది వేరే మనిషి. చనిపోయాక తిరిగి బ్రతికినవాళ్లను పక్కన పెట్టండి. సారెపతు విధవరాలి కొడుకు, షూనేమీయురాలి కొడుకు, నాయీను విధవరాలి కొడుకు, యాయీరు కూతురు, తబితా, ఐతుకు, అందరికంటే ముఖ్యంగా లాజరు. యోహాను 11లో సమాధిలో ఉన్న లాజరు 12లో భోజనపు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అక్కడ చావు లెక్క పనిచెయ్యదు. లూకా 16లో ధనవంతుడి వాకిట పడి ఉన్న లాజరు మాత్రం ఉపమానంలోని మనిషి. అతన్ని తెచ్చి బేతనియ లాజరుతో కలపకండి.

హేరోదుల వరుస ఒక్కసారి చెబుతాను, రాసుకోండి. పిల్లల్ని చంపించింది పెద్ద హేరోదు. అతను క్రీ.పూ. 4లో చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. అతని కొడుకు అర్కెలాయు యూదయను ఏలుతున్నాడని విని యోసేపు భయపడి గలిలయకు వెళ్లిపోయాడు (మత్తయి 2:22). ఇంకో కొడుకు గలిలయను ఏలిన హేరోదు. చరిత్ర పుస్తకాల్లో హేరోదు అంతిప అంటారు. సువార్తల్లో ఆ అంతిప అనే పేరు ఉండదు, “చతుర్థాధిపతి”, అంటే రాజ్యంలో నాలుగో భాగాన్ని ఏలేవాడు, అన్న మాటే అతని గుర్తు. యోహాను తల తీయించింది ఇతనే. ప్రభువు నక్క అన్నది ఇతన్నే (లూకా 13:32). పిలాతు ప్రభువును పంపించింది ఇతని దగ్గరికే (లూకా 23). ప్రకటన 2:13లో అంతిప అని ఒకాయన కనిపిస్తాడు, ఆయన పెర్గములో ప్రభువు కోసం చంపబడ్డ నమ్మకమైన సాక్షి. ఆ పుణ్యాత్ముణ్ని తెచ్చి ఈ కుటుంబంలో కలిపిన జవాబు కూడా ఒకటి వచ్చింది. అపొస్తలుల కార్యములు 12లో యాకోబును చంపించినవాడు పెద్ద హేరోదు మనవడు, అగ్రిప్ప. క్రీ.శ. 44లో కైసరయలో పురుగులు పడి చచ్చాడు. 25, 26 అధ్యాయాల్లో పౌలు ఎవరి ముందు నిలబడి తన సాక్ష్యం చెప్పుకున్నాడో ఆ అగ్రిప్ప రాజు ఇతని కొడుకు. తాత, కొడుకులు, మనవడు, మునిమనవడు. నాలుగు తరాలు.

ఇక అసలు పాఠం.

మన వీధిలో ముగ్గురు యాకోబులుంటే మనకేమీ ఇబ్బంది ఉండదు. ఒకాయన తాపీ యాకోబు, ఒకాయన రైల్వే యాకోబు, మూడో ఆయన సింగరాయకొండ యాకోబు, అంటే అక్కణ్నుంచి ఇల్లరికం వచ్చినాయన. శుభలేఖ మీద ఇంటిపేరు కూడా ఉంటుంది. బైబిల్లోని మనుషులకు ఇంటిపేర్లు లేవు. కానీ తాపీ, రైల్వే, సింగరాయకొండ లాంటి గుర్తులు ప్రతిచోటా ఉన్నాయి. మనం చదివేటప్పుడు వాటిని గబగబా దాటేస్తాం, పేరు ఒక్కటే పట్టుకుంటాం. పోటీలో తప్పులన్నీ అక్కడే పుడతాయి.

అందుకని ప్రతి పేరుకీ ఒక చిరునామా రాయండి. ఎవరి మనిషి, ఏ ఊరు, ఏం పని, ఏ అధ్యాయం. ఈ నాలుగే. ఇది నేను కనిపెట్టింది కాదు. అపొస్తలుల కార్యములు 10లో దేవదూత కొర్నేలితో మాట్లాడిన తీరు చూడండి. పేతురు అనే మారుపేరున్న సీమోనును పిలిపించు, అతను యొప్పేలో ఉన్నాడు, సీమోను అనే చర్మకారుడి ఇంట్లో దిగాడు, ఆ ఇల్లు సముద్రపు ఒడ్డున ఉంది. ఊరు, మారుపేరు, ఇంటాయన పేరు, ఆయన పని, ఇల్లు ఎక్కడుందో కూడా చెప్పాడు. ఎందుకు? ఆ ఇంట్లో ఇద్దరు సీమోనులున్నారు. కొర్నేలి మనుషులు వెళ్లి “సీమోనుగారున్నారా?” అంటే ఎవరు బయటికి రావాలి? తొమ్మిదో అధ్యాయంలో ప్రభువు అననీయకు చెప్పింది కూడా ఇలాగే ఉంటుంది: తిన్ననిది అనే వీధికి వెళ్లు, యూదా అనేవాని ఇంట్లో తార్సువాడైన సౌలు కోసం అడుగు. పరలోకం నుంచి వచ్చిన మాటే వీధి పేరుతో సహా చిరునామా చెప్పినప్పుడు మనం ఒట్టి పేరుతో ఎలా సరిపెట్టుకుంటాం?

ఆ చర్మకారుడైన సీమోను దగ్గర ఒక్క నిమిషం ఆగనివ్వండి. మన ప్రాంతంలో మొదట్లో ప్రభువును నమ్ముకున్న కుటుంబాల్లో చాలామంది తోలుపని మీద బ్రతికినవాళ్లు. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారం చేసినాయన. ఆయన వల్ల ఎన్ని పల్లెలు సువార్త విన్నాయో ఒంగోలు మిషను చరిత్ర తెలిసినవాళ్లకు తెలుసు. సండే స్కూల్లో ఈ వచనం వచ్చినప్పుడు “చర్మకారుడు” అన్న మాటను మింగేసి చదివే టీచర్లను చూశాను. మింగొద్దు. అంత పెద్ద అపొస్తలుడు చాలా రోజులు ఆ ఇంట్లోనే ఉన్నాడు, వాళ్ల అన్నమే తిన్నాడు. పిల్లలకు ఆ మాట గట్టిగా చదివి వినిపించండి.

సీమోనుల వరుస పూర్తి చేద్దాం. పేతురు అనే సీమోను, యోనా కొడుకు, బేత్సయిదా, చేపలు పట్టేవాడు. పన్నెండుమందిలోనే ఇంకో సీమోను, మత్తయిలో కనానీయుడు అని, లూకాలో జెలోతే అని ఉంటుంది. ఇస్కరియోతు యూదా తండ్రి పేరు కూడా సీమోనే (యోహాను 6:71). ప్రభువు తమ్ముళ్లలో ఒకడు సీమోను (మార్కు 6:3). సిలువ మోసిన కురేనీయుడైన సీమోను, ఇతని కొడుకులు అలెక్సంద్రు, రూఫు. సమరయలో గారడీ చేసిన సీమోను. యొప్పే చర్మకారుడు. ఇవి ఎలాగో గుర్తుంటాయి.

మిగిలిన ఇద్దరి దగ్గరే అందరూ పడిపోతారు. ఒకడు లూకా 7లో పరిసయ్యుడైన సీమోను. ఇంకొకడు మత్తయి 26లో బేతనియలోని కుష్ఠరోగి సీమోను. ఇద్దరి ఇళ్లలోనూ యేసు ప్రభువు భోజనానికి కూర్చున్నాడు. ఇద్దరి ఇళ్లలోనూ ఒక స్త్రీ అత్తరు తెచ్చింది. ఇంటాయన పేరు ఒకటే, అత్తరు ఒకటే, దాంతో రెండు కథలూ మన బుర్రలో కలిసిపోతాయి. విడదీసి చూడండి. లూకా 7 స్త్రీ ఆ ఊళ్లో పాపాత్మురాలు, ఏడుస్తూ కన్నీళ్లతో పాదాలు తడిపింది, తల వెంట్రుకలతో తుడిచింది. అక్కడ గొణుక్కున్నది ఇంటాయన సీమోను. ప్రభువు అతనికి 500 దేనారములు, 50 దేనారములు బాకీపడ్డ ఇద్దరి కథ చెప్పాడు. మత్తయి 26లో అత్తరు తల మీద పోసింది, అది సిలువకు రెండు రోజుల ముందు మాట, గొణుక్కున్నది శిష్యులు, ఎందుకీ నష్టం, బీదలకు ఇవ్వొచ్చు కదా అని. “అత్తరు పోసిన స్త్రీ ఎవరి ఇంట్లో పోసింది?” అని ఎవరైనా అడిగితే “సీమోను” అని ఊరుకోకండి. ఏ సువార్త అని అడగండి. అడిగే వీలు లేకపోతే రెండూ చెప్పండి.

తండ్రి పేరు రాసేసుకుంటే చాలు కదా అని మీకు అనిపిస్తుంది. చాలదు. “యాకోబు కొడుకు యోసేపు. కలలు వచ్చాయి. ఐగుప్తుకు వెళ్లాడు. ఎవరు?” చెయ్యి ఎత్తకముందే జవాబు నోట్లోకి వచ్చేసింది కదా, రంగురంగుల అంగీ తొడుక్కున్న కుర్రవాడు. ఇప్పుడు మత్తయి 1:16 చూడండి. మరియ భర్త యోసేపు తండ్రి పేరు కూడా యాకోబే. ఆయనకూ కలలోనే దూత కనిపించాడు. ఆయనా ఐగుప్తుకు వెళ్లాడు. మూడు గుర్తులూ ఇద్దరికీ సరిపోయాయి. ఇద్దర్నీ విడదీసేది నాలుగో గుర్తు, అధ్యాయం. ఒకరు ఆదికాండము 37, ఇంకొకరు మత్తయి 1, 2. (లూకా 3:23లో ఈయన తండ్రి పేరు హేలీ అని ఉంటుంది. కాబట్టి “మరియ భర్త యోసేపు తండ్రి ఎవరు?” అనే ప్రశ్న ఏ సువార్తో చెప్పకుండా అడిగితే అది సగం ప్రశ్న.) సౌలులు కూడా ఇంతే. రాజైన సౌలుదీ బెన్యామీను గోత్రమే, తార్సు సౌలుదీ బెన్యామీను గోత్రమే (ఫిలిప్పీ 3:5). గోత్రం ఒక్కటే రాసుకుంటే మునిగిపోతారు. ఒకరు కీషు కొడుకు, ఇంకొకరు తార్సువాడు.

అననీయలు ముగ్గురు, అందరూ ఒకే పుస్తకంలో ఉన్నారు. అపొస్తలుల కార్యములు 5, 9, 23. చదువుకోండి, అక్కడ చిక్కేమీ లేదు.

ఇక్కడ ఇంకో సంగతి తేల్చకుండా ముందుకు పోలేను. పోయిన పాఠంలో ఆరో ప్రశ్న, “యోనాను మింగినదేది?” దాని మీద మీ మధ్యనే గొడవ జరిగింది. కొందరు తిమింగిలం అన్నారు. వాళ్లను మిగిలినవాళ్లు “తిమింగిలం అని బైబిల్లో లేనే లేదు, గొప్ప మత్స్యము అని ఉంది, బైబిల్ చదవరా?” అని గద్దించారు. ఆ గద్దింపు చూసి నాకు బాధ కలిగింది, ఎందుకంటే ఇదే మాట ఇంతకుముందు ఒకసారి విన్నాను.

ఒంగోలులో ఒక వేసవిలో పిల్లల పోటీ. పోటీ పెట్టిన సంఘం పేరు చెప్పను. మా సంఘం నుంచి ఏడో తరగతి చదివే పాపను తీసుకెళ్లాను. తెల్లటి ప్లాస్టిక్ కుర్చీ అంచు మీద కూర్చుని, రెండు జడలూ ముందుకేసుకుని, అరచెయ్యి బెల్లు మీద ఆనించి ఉంది. ఫ్యాను తిరుగుతున్నా ముక్కు మీద చెమట. ఆఖరి రౌండుకి మేం ఒక్క పాయింటు ముందున్నాం. “యోనా మూడు రాత్రింబగళ్లు దేని కడుపులో ఉన్నాడు?” అడుగుతుండగానే బెల్లు కొట్టింది. “తిమింగిలం” అంది. ప్రశ్నలు అడిగే ఆయన తన షీటు చూసుకుని, “తప్పు. గొప్ప మత్స్యము” అన్నారు. ఆ ప్రశ్న పక్క జట్టుకి వెళ్లింది, వాళ్లు చెప్పారు. పాప నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. తిమింగిలం అని దానికి నేర్పింది నేనే, అదీ బైబిల్లోంచే.

మన పాత తెలుగు బైబిల్లో యోనా 1:17లో “గొప్ప మత్స్యము” అని ఉంది. నిజమే. మత్తయి 12:40లో ప్రభువు నోట వచ్చిన మాటగా “తిమింగిలము” అని ఉంది. అదీ నిజమే. అదే బైబిలు, అదే అనువాదం. బల్ల దగ్గరికి వెళ్లి మత్తయి తెరిచి వేలు పెట్టి చూపించాను. “షీటులో ఉన్నదే ఫైనల్ అమ్మా” అన్నారు. పాయింటు పోయింది, మొదటి స్థానం పోయింది. తిరిగి బస్సులో టంగుటూరు దాటేదాకా పాప ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత అడిగింది: “టీచరమ్మా, మరి నేను చెప్పింది బైబిల్లో ఉందా లేదా?” ఉంది తల్లీ, అన్నాను. “మరి ఎక్కడుందో అప్పుడే చెప్పుంటే ఇచ్చేవాళ్లా?”

ఆ పాప అడిగిన ప్రశ్నే ఈ పాఠం. పేరుకు చిరునామా ఉన్నట్టే జవాబుకూ చిరునామా ఉండాలి. ఆ రోజు నుంచి నా పిల్లలు ఎవరూ జవాబు ఒక్కటే చెప్పరు. “యోనా గ్రంథం ఒకటో అధ్యాయంలో గొప్ప మత్స్యము, మత్తయి పన్నెండులో తిమింగిలము” అని చెబుతారు. రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది. కానీ అలా చెప్పినదాన్ని ఏ షీటూ కొట్టెయ్యలేదు. మీలో ప్రశ్నలు తయారుచేసేవాళ్లుంటే చేతులు జోడించి అడుగుతున్నాను, షీటు మీద జవాబు పక్కన వచనం రాయండి, ప్రశ్నలో “ఫలానా గ్రంథం ప్రకారం” అనే మాట చేర్చండి. పోటీకి వెళ్లేవాళ్లు వెళ్లకముందే ఏ అనువాదం లెక్కలోకి తీసుకుంటారో ఫోన్ చేసి కనుక్కోండి. కొత్త అనువాదాల్లో మాటలు మారతాయి. నేను పాత అనువాదమే వాడతాను, మీకూ అదే చెబుతాను. మన పెద్దలు కంఠతా పట్టిన మాటలు అందులోనే ఉన్నాయి, మన పోటీల్లో వచనం అప్పజెప్పమంటే అందులోదే అప్పజెబుతాం.

ఇలాంటివే ఇంకొన్ని, గబగబా. జ్ఞానులు ముగ్గురు అని మత్తయి చెప్పలేదు, కానుకలు మూడు అన్నాడు. వాళ్లు వచ్చింది పశువులపాకకు కాదు, ఇంట్లోకి (2:11). ఏదెనులో తిన్నది ఆపిల్ అని లేదు, ఆకులు మాత్రం అంజూరపువి. దమస్కు దారిలో సౌలు పడ్డాడు, గుర్రం లేదు. అతని పేరు అక్కడ మారలేదు, అపొస్తలుల కార్యములు 13:9లో కుప్రలో “పౌలు” అన్న మాట మొదట వస్తుంది. ఓడలోంచి మొదట వెళ్లింది పావురం కాదు, కాకి. పవిత్ర జంతువులు రెండేసి కాదు, ఆదికాండము 7:2 చూడండి. హేరోదు ముందు నాట్యం చేసిన పిల్ల పేరు సువార్తల్లో లేదు, హేరోదియ కూతురు అనే ఉంది. సలోమే అని చెప్పేవాళ్లు మార్కు 15:40 చదవాలి. అక్కడ సలోమే సిలువను దూరం నుంచి చూస్తూ నిలబడ్డ భక్తురాలు. ఆ తల్లిని తీసుకెళ్లి విందులో నిలబెట్టకండి.

మన జిల్లా పోటీల్లో చివర్లో మన సంఘ చరిత్ర నుంచి కూడా ఒకటో రెండో అడుగుతుంటారు. అక్కడా ఇదే పద్ధతి. “ఒక్క రోజులో ఎంతమందికి బాప్తిస్మం?” అంటే 3,000 అని కొందరు, 2,222 అని కొందరు. రెండూ సరైనవే, చిరునామాలు వేరు. ఇంచుమించు 3,000 మంది చేరింది పెంతెకొస్తు దినాన, యెరూషలేములో, అపొస్తలుల కార్యములు 2:41. 2,222 మంది 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, మూడేళ్ల కరువు వెనకబడుతున్న రోజుల్లో. “వాళ్లకు బాప్తిస్మం ఇచ్చిందెవరు?” అంటే అందరూ ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు అంటారు. ఆయన ఆ రోజు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి తర్వాత ఇద్దరు నీళ్లలోకి దిగి ఇచ్చారు. ఇప్పుడు యోహాను 4:2 తెరవండి. బాప్తిస్మం ఇస్తున్నది యేసు కాదు, ఆయన శిష్యులు అని రాసుంది. ఈ రెండూ పక్కపక్కన రాసుకోండి, ఇక మర్చిపోరు.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను, పోయినసారి తేలిగ్గా ఇచ్చి నష్టపోయాం. పన్నెండుమంది శిష్యుల పేర్లు మీకు వచ్చనే అనుకుంటున్నాను. రానివాళ్లు ముందు మత్తయి 10 చదివి రండి.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తీసుకోండి. 25 వచనాలే. రోజుకొకసారి చొప్పున మూడు రోజులు పైకి చదవండి, కళ్లతో కాదు, నోటితో. నేను తెల్లవారి పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు ఒక అధ్యాయం చదువుతాను. మీకు వీలైన వేళ మీరు చూసుకోండి. నాలుగో రోజు నోట్సులో ప్రతి పేరూ రాసి, దాని ఎదురుగా నాలుగు గుర్తులూ పెన్సిలుతో రాయండి. ఎవరి మనిషి, ఏ ఊరు, ఏం పని, ఇంకా ఏ అధ్యాయంలో కనిపిస్తాడు. ఫోన్లో వెతకొద్దు, వ్యాఖ్యానాలు తెరవొద్దు. బైబిల్ వెనకున్న పటాలు చూడొచ్చు.

రెండో వచనంలో యాకోబు చనిపోతాడు. 17వ వచనంలో చెరసాల నుంచి బయటపడ్డ పేతురు, ఈ సంగతులు యాకోబుకు చెప్పండి అంటాడు. పదిహేను వచనాల ముందే చంపబడ్డ మనిషికి కబురు పంపుతాడా? చావు లెక్క వెయ్యండి. ఆ రెండో యాకోబు ఎవరో గలతీ 1:19లో దొరుకుతాడు. ఈ అధ్యాయంలో ఇద్దరు యోహానులు కూడా ఉన్నారు, ఒకరు రెండో వచనంలో, ఇంకొకరు 12లో. పేతురును కాపలా కాసిన సైనికులు ఎంతమంది? “నాలుగు చతుష్టయములు” అని ఉంటుంది, చతుష్టయం అంటే నలుగురి గుంపు, గుణించి అంకెలో రాయండి. తలుపు తియ్యకుండానే సంతోషంతో లోపలికి పరుగెత్తిన చిన్నదాని పేరు రాయండి.

తర్వాత కొత్త నిబంధనలోని మరియలందర్నీ చిరునామాలతో రాయండి. కనీసం ఆరుగురు రావాలి. అందులో ఒకరు పన్నెండో అధ్యాయంలోనే, ఆ తలుపున్న ఇంటి యజమానురాలు. క్లోపా భార్య మరియ, యాకోబు యోసేల తల్లి మరియ ఒకరేనా కాదా అన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మీరు వచనంలో ఉన్న మాట ఉన్నట్టు రాయండి, కలపొద్దు.

చివరగా, యోసేపు ప్రశ్న లాంటివి ఐదు మీరే తయారుచెయ్యండి. ఇద్దరికీ సరిపోయేలా మొదలై, అధ్యాయం చెబితేనే ఒకరికి తేలేవి. ఇంట్లోవాళ్లను అడగండి. వాళ్లు మొదట ఏ జవాబు చెప్పారో అది కూడా పక్కన రాసి పంపండి, నాకు మీ జవాబుకంటే అదే ఎక్కువ అవసరం.

జవాబులు నేను ఇవ్వను. అన్నీ ఆ 25 వచనాల్లో, పైన చెప్పిన చోట్లలో ఉన్నాయి. చివరి వచనం దగ్గర మాత్రం తొందరపడకండి. బర్నబా, సౌలు యెరూషలేము నుంచి తిరిగి వెళుతూ ఒకతన్ని వెంటబెట్టుకెళ్లారు. అతని తల్లి ఇంటికి మీరు ఈ అధ్యాయంలో అప్పటికే ఒకసారి వెళ్లొచ్చారు.